సూది సరే.. దారమేదీ?

హోసూరు రోడ్డు, సర్జాపుర రోడ్డు.. ఈ రెంటి పొడి అక్షరాలు కలిపితే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్. బెంగళూరు ఆగ్నేయ దిక్కున బీడీఏ వేసిన పేట. పొద్దున్నే అగర చెరువు గట్టు మీద నడిచేవాళ్ల మాటలు వింటే కన్నడంతో పాటు తెలుగూ చెవిన పడుతూనే ఉంటుంది. అనంతపురం, మదనపల్లె, కడప, నెల్లూరు నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు కొందరు. తరాల నుంచీ ఇక్కడే ఉండి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడేవాళ్లు కొందరు. పండక్కో, పురుడుకో వచ్చి నెల రోజులుండి పోయే అమ్మానాన్నలు మరికొందరు.

ఆ మాటల్లో తరచూ దొర్లేది నొప్పుల సంగతే. పిల్లలకు మెడ నొప్పి. పెద్దలకు మోకాళ్ల నొప్పి. కంప్యూటర్ ముందు పొద్దస్తమానం వంగిపోయే భుజాలు, సిల్క్‌బోర్డు కూడలిలో బైకు మీద నలిగిపోయే నడుములు. మాత్రలు మింగి మింగి కడుపు మండినవాళ్లకు ఎవరో ఒకరు చెబుతారు: ‘ఒకసారి సూదులు పెట్టించుకో, తగ్గిపోతాది’ అని. అలా మొదలవుతుంది ఆక్యుపంక్చర్ క్లినిక్‌కు ప్రయాణం. హిందూపురం, కోలారు, చింతామణి, హోసూరు వైపు నుంచి కూడా దీనికోసం బస్సెక్కి వచ్చేవాళ్లున్నారు.

వచ్చినవాళ్లలో కొందరికి నిజంగానే ఊరట దొరుకుతోంది. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అయితే ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగడం లేదు. ఆ సూది పట్టుకున్న చెయ్యి ఎవరిది? ఆ చేతికి లెక్క చెప్పేదెవరు?

ఒకే సూది.. ఐదు రకాల చేతులు

బెంగళూరులో శరీరంలోకి ఈ సన్నపు సూదిని దింపేవాళ్లు ఒక్క తెగ కాదు. ఎంబీబీఎస్ చదివి, ఆ తర్వాత ఆసక్తి కొద్దీ ఆక్యుపంక్చర్ నేర్చుకున్న డాక్టర్లున్నారు. ప్రకృతి వైద్యం, యోగాలో ఐదున్నరేళ్ల బీఎన్‌వైఎస్ కోర్సు చదివినవాళ్లున్నారు. ఉజిరెలోని ఎస్‌డీఎం కళాశాలలోనో, హైదరాబాద్‌లోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాలలోనో చదువుకుని వచ్చినవాళ్లు ఈ కోవలోకి వస్తారు. ఇక మూడో వర్గం ఫిజియోథెరపిస్టులు. వీళ్లు దాన్ని ఆక్యుపంక్చర్ అనరు, ‘డ్రై నీడ్లింగ్’ అంటారు. కండరంలో గడ్డకట్టినట్టుండే చోటికి సూది దింపుతారు. సూది మాత్రం అదే సూది. నాలుగో వర్గం ఆక్యుపంక్చర్‌నే వృత్తిగా పెట్టుకుని రెండు మూడేళ్లు గురువు దగ్గర కూచుని నేర్చుకున్నవాళ్లు. ఐదో వర్గం గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. నాలుగు ఆదివారాలు తరగతులకెళ్లి, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నవాళ్లు.

గోడ మీది సర్టిఫికెట్ ఏదైనా, బయట బోర్డు మీద అక్షరాలు ఒకటే. ఊరి నుంచి వచ్చిన పెద్దావిడకు ఈ ఐదుగురిలో తేడా ఎలా తెలుస్తుంది? ‘డాక్టరు బాగా మాట్లాడినాడు నాయనా’ అంటుందామె. ఆమెకు కొలబద్ద అదొక్కటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ కొలబద్దను 1999లోనే తయారుచేసి పెట్టింది. వైద్య పట్టా లేనివాళ్లు ఆక్యుపంక్చర్‌ను వృత్తిగా చేపట్టాలంటే 2500 గంటల శిక్షణ కావాలంది. అంటే దాదాపు రెండేళ్ల పూర్తికాలపు చదువు. ఎంబీబీఎస్ లాంటి వైద్య చదువున్నవాళ్లు పరిమితంగా, తమ వైద్యానికి తోడుగా వాడుకోవాలన్నా కనీసం 200 గంటలు నేర్చుకోవాలంది. నాలుగు ఆదివారాలను గంటల్లోకి మార్చి చూసుకుంటే ఎక్కడున్నామో అర్థమవుతుంది.

కలకత్తాలో మొదలు.. కాగితాల్లో మజిలీ

ఈ వైద్యం నిన్నా మొన్నా వచ్చింది కాదు. 1938లో జపాన్ దాడితో అల్లాడుతున్న చైనాకు కాంగ్రెస్ పంపిన ఐదుగురు భారతీయ డాక్టర్ల బృందంలో కోట్నీస్ పేరు అందరికీ తెలుసు. అక్కడే 1942లో ప్రాణాలు విడిచిన ఆయన మీద సినిమా కూడా వచ్చింది. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు పేరు మాత్రం చాలామందికి తెలియదు. ఆయన మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, 1959లో కలకత్తాలో ఆ చికిత్స మొదలుపెట్టారు. మన దేశంలో ఈ సూదికి ఊపిరి పోసింది ఆయనే.

ఆ తర్వాత చట్టం రావడానికి బెంగాల్‌కే 37 ఏళ్లు పట్టింది. 1996లో పశ్చిమ బెంగాల్ ప్రత్యేక ఆక్యుపంక్చర్ చట్టం చేసింది. మహారాష్ట్ర 2015 చట్టంతో కౌన్సిల్‌కు దారి వేసుకుంది. కేంద్రం సంగతి చూస్తే, 2003 నవంబరు 25న ఆరోగ్య శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఆక్యుపంక్చర్‌ను ఒక చికిత్సా పద్ధతిగా వాడుకోవచ్చు, అయితే నమోదైన వైద్యులు గానీ, తగిన శిక్షణ పొందినవాళ్లు గానీ చేయాలి అన్నది దాని సారాంశం. ‘డాక్టర్’ అనే మాట ప్రభుత్వం గుర్తించిన వైద్య విధానాలవాళ్లకే చెల్లుతుందని కూడా అందులో చెప్పింది. 2019 ఫిబ్రవరి 21న మరో అడుగు ముందుకేసి, ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తిస్తున్నట్లు ప్రకటించింది.

అప్పుడు క్లినిక్‌లలో మిఠాయిలు పంచుకున్నారు. సంతోషమే. కానీ ‘తగిన శిక్షణ’ అంటే ఏది? ఎన్ని గంటలు? పరీక్ష పెట్టేదెవరు? తప్పు చేస్తే పేరు కొట్టేసేదెవరు? వీటికి జవాబు చెప్పాల్సిన కౌన్సిల్ కర్ణాటకలో లేదు. సరిహద్దుకు ఆవల ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ లేదు. పెళ్లి ఖాయమైందన్నారు, ముహూర్తం మాత్రం పెట్టలేదు!

గదికి నమోదు.. చేతికి లేదు

కర్ణాటకలో 2007 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం ఉంది కదా అని కొందరంటారు. ఉంది. క్లినిక్ పెట్టాలంటే ఆ చట్టం కింద నమోదు చేయించుకోవాలి. డిప్యూటీ కమిషనర్ అధ్యక్షతన జిల్లా స్థాయిలో నమోదు, ఫిర్యాదుల ప్రాధికారం కూడా ఉంది. కానీ ఆ చట్టం చూసేది సంస్థను. గది ఉందా, నీళ్లున్నాయా, చెత్త ఎక్కడ వేస్తున్నారు, రేట్ల పట్టిక పెట్టారా అని. సూది పట్టిన మనిషి తన విద్యను ఎంత నేర్చాడో తేల్చడం కౌన్సిల్ పని.

ఎంబీబీఎస్ డాక్టరు తప్పు చేస్తే మెడికల్ కౌన్సిల్ ఉంది. ప్రకృతి వైద్యులకు 1961 నాటి కర్ణాటక చట్టం కింద రిజిస్టరు ఉంది. ఫిజియోథెరపిస్టులకు 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఉంది. మరి కేవలం ఆక్యుపంక్చర్‌నే నమ్ముకున్నవాడికి? కలకత్తాలో నమోదు చేసుకున్న మనిషి రైలెక్కి బెంగళూరులో దిగితే, ఆ రిజిస్టరు హౌరా స్టేషన్‌లోనే ఉండిపోతుంది.

ఇందులో మొదట నష్టపోతున్నది ఎవరో తెలుసా? రోగి కంటే ముందు నిజాయితీగా నేర్చుకున్న చికిత్సకుడే. రెండు మూడేళ్లు కష్టపడి నేర్చుకున్నవాడినీ, నాలుగు ఆదివారాల పండితుడినీ జనం ఒకే గాటన కడుతున్నారు. పెద్దాసుపత్రి డాక్టరు ఇతని పేరు చీటీ మీద రాయడు. ఆయుష్ అనే మాటలో ఆయుర్వేదానికి, యోగాకు, యునానీకి, సిద్ధకు, హోమియోకు అక్షరాలున్నాయి. సూదికి అక్షరం లేదు. కాబట్టి ఆయుష్ పేరుతో వచ్చే పథకాల పంక్తిలో అతనికి విస్తరి వేయరు. రోగి ‘డాక్టర్ గారూ’ అంటాడు. అవతలి డాక్టరు ‘నాటు వైద్యుడు’ అంటాడు. రెండూ కాని మనిషి తన వృత్తి పేరేదో తనే చెప్పుకోలేని స్థితి.

నొప్పి ఉన్న చోటే ప్రమాదం

వృత్తి గోడు అలా ఉంచితే, అసలు సంగతి రోగి శరీరం. సన్నపు సూది కదా, ఏమవుతుందిలే అనుకోవడం పొరపాటు. తెలిసిన చేతిలో ఇది చాలావరకు భద్రమైన చికిత్సే. పెద్ద ప్రమాదాలు అరుదు. కానీ అరుదు అంటే అసలు లేవని కాదు.

హెచ్‌ఎస్‌ఆర్‌లోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎక్కువగా చూపించే చోటేది? మెడకూ భుజానికీ మధ్య, వీపు పైభాగం. సరిగ్గా ఆ కండరం కిందనే ఊపిరితిత్తి కొస ఉంటుంది. బక్కపలుచని మనిషికి అక్కడ సూది కొంచెం లోతుగా, నిలువుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడి, ఛాతీలోకి గాలి చేరుతుంది. ఆక్యుపంక్చర్‌లో అందరూ భయపడే ప్రమాదం ఇదే. డ్రై నీడ్లింగ్‌లోనూ ఇదే. చిత్రమేమంటే లక్షణాలు వెంటనే కనపడకపోవచ్చు. ఇంటికెళ్లి, కొన్ని గంటల తర్వాత ఛాతీలో పోటు, ఆయాసం మొదలవుతాయి. ‘గ్యాసేమోలే’ అని సోడా తాగి పడుకుంటే అంతే సంగతులు. సూది పెట్టించుకున్న రోజున ఆయాసం వస్తే నేరుగా ఆసుపత్రికి పోవాలని ఎంతమంది చికిత్సకులు ముందుగా చెబుతున్నారు?

షుగరు ఉన్న పెద్దవాళ్ల సంగతి ఇంకో రకం. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు మోక్సా పేరుతో వేడి పెడితే, కాలుతున్న సంగతి వాళ్లకు తెలియదు. బొబ్బ పుండవుతుంది. షుగరు పుండు ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పక్కర్లేదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు సూదులకు కరెంటు తగిలించే పద్ధతి పనికిరాదు. రక్తం పలుచబడే మాత్రలు వాడేవాళ్ల గురించి ముందే తెలియాలి. గర్భిణులకు కొన్ని స్థానాలు సంప్రదాయంగానే వద్దంటారు. ఖాళీ కడుపుతో వచ్చి మొదటిసారి సూది చూసి కళ్లు తిరిగి పడిపోయేవాళ్లూ ఉంటారు, అందుకే పడుకోబెట్టి పెట్టాలంటారు. ఇవన్నీ అడిగి రాసుకుంటే ఒక కాగితం నిండుతుంది. ఆ కాగితమే లేకపోతే?

సూదుల శుభ్రత గురించి ఇంకా చెప్పాలా అనిపించవచ్చు. చెప్పాలి. 1984లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒకే ఒక్క చికిత్సకుడి దగ్గర సూదులు పెట్టించుకున్న 35 మందికి హెపటైటిస్ బి సోకింది. అప్పుడు నేర్చుకున్న పాఠంతోనే ఒకసారి వాడి పారేసే సూదులు నియమమయ్యాయి. మన దగ్గర కూడా ఇప్పుడు ప్యాకెట్ సూదులే మామూలు. అయితే వాడిన సూది ఎక్కడికి పోతోంది? 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులను చిల్లుపడని తెల్లని డబ్బాలో వేసి, అధీకృత సంస్థకు అప్పగించాలి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. పడకల్లేని చిన్న క్లినిక్‌కు అది ఒక్కసారి తీసుకుంటే చాలు. అంత సులువైన పనిని కూడా ఎగ్గొట్టి, సూదుల్ని పాలిథిన్ కవర్లో చుట్టి చెత్తబుట్టలో వేస్తే, తెల్లారి ఆ చెత్తను చేత్తో వేరుచేసే పౌరకార్మికురాలి వేలికి గుచ్చుకుంటుంది. ఆమె ఇంట్లోనూ తెలుగే మాట్లాడుతూ ఉండొచ్చు.

పనిచేస్తుందా, లేదా?

ఈ ప్రశ్నకు రెండు వైపులా గొంతు చించుకునేవాళ్లున్నారు. ‘అంతా భ్రమ’ అని ఒక వర్గం. ‘క్యాన్సరుకూ ఇదే మందు’ అని ఇంకో వర్గం. నిజం ఈ రెంటి మధ్యలో ఉంది.

జర్మనీలో దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్న 1162 మంది మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. శాస్త్రోక్తంగా సూదులు పెట్టించుకున్నవాళ్లలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. ఆక్యుపంక్చర్ స్థానాలు కానిచోట పైపైన ఉత్తుత్తి సూదులు పెట్టినవాళ్లలో 44.2 శాతం మందికి కనిపించింది. మాత్రలు, వ్యాయామం లాంటి మామూలు చికిత్స తీసుకున్నవాళ్లలో 27.4 శాతమే. దీన్ని ఎలా చదవాలి? మామూలు చికిత్స కన్నా సూది మెరుగు. కానీ ఏ స్థానంలో గుచ్చారన్నది అనుకున్నంత తేడా చూపలేదు. రెండు వర్గాలకూ మింగుడుపడని ఫలితమిది.

బ్రిటన్ కూడా ఇలాగే ఊగిసలాడింది. నడుము నొప్పికి ఆక్యుపంక్చర్ ఇవ్వొచ్చని 2009లో చెప్పింది. 2016లో వెనక్కి తీసుకుంది. 2021లో కారణం తేలని దీర్ఘకాలపు నొప్పికి ఇవ్వొచ్చని మళ్లీ చెప్పింది. అమెరికా ప్రభుత్వం పెద్దల ఆరోగ్య బీమాలో 2020 జనవరి నుంచి దీర్ఘకాలపు నడుము నొప్పికి ఖర్చు భరిస్తోంది. అయితే దానికో లెక్క పెట్టింది. 90 రోజుల్లో 12 సార్లు. గుణం కనిపిస్తేనే ఇంకో 8 సార్లు. కనిపించకపోతే ఆపేయాలి. ఏడాదికి 20కి మించకూడదు.

ఈ ఒక్క నియమం ఇక్కడ పాటించినా సగం ఫిర్యాదులు పోతాయి. ‘ముప్పై సిట్టింగుల ప్యాకేజీ, ముందే కడితే తగ్గింపు’ అనే బోర్డులకు చోటుండదు. నొప్పికి ఊరటనిస్తామని చెప్పుకోవడం వృత్తి. షుగరు మాత్రలు మాన్పిస్తాం, క్యాన్సరు తగ్గిస్తాం అనడం వ్యాపారం. ఇలాంటి జబ్బులను నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వకూడదని 1954లోనే చట్టం చేశారు. మందుకున్న ఆ కట్టుబాటు సూదికీ ఉండొద్దా?

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం సూది గుచ్చడంలో లేదు, గుచ్చుతూ కాలం గడపడంలో ఉంది. నడుము నొప్పితో పాటు కాళ్లు తిమ్మిరెక్కి, మూత్రం మీద అదుపు తప్పుతున్న మనిషికి కావాల్సింది ఆ రోజే ఆసుపత్రి. పదో సిట్టింగు దాకా ఆగమంటే నడక పోతుంది. ఏ రోగిని తాకకూడదో తెలియడమే చికిత్సకుడి మొదటి చదువు. ఆ చదువు నాలుగు ఆదివారాల్లో రాదు.

గుర్తింపు వద్దనేవాళ్ల మాట

‘రుజువు కాని విద్యకు కౌన్సిల్ ఎందుకు? గుర్తింపు ఇస్తే నెత్తికెక్కించుకున్నట్టే’ అని అల్లోపతి డాక్టర్లలో కొందరి వాదన. వాళ్ల ఆవేదనలో అర్థముంది. కానీ కౌన్సిల్ లేనంత మాత్రాన సూదులు ఆగాయా? ఆగలేదు. లెక్క లేకుండా సాగుతున్నాయి. రిజిస్టరు పెట్టడమంటే సిద్ధాంతానికి పట్టాభిషేకం చేయడం కాదు. చేతికి పరీక్ష పెట్టడం. అవతల ‘చట్టం వస్తే అధికారుల పీడన మొదలవుతుంది’ అని భయపడే చికిత్సకులూ ఉన్నారు. ఆ భయమూ ఉత్తది కాదు. అయితే రేపు ఎవరో అర్ధ విద్యావంతుడి చేతిలో ఒక ప్రాణం పోతే, ఆ రోజు పోలీసులు మూయించే తలుపుల్లో తమదీ ఉంటుందని వాళ్లు గుర్తుంచుకోవాలి. తనకు తెలియని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని 1996లో పూనం వర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

ఏం చేయాలి?

కర్ణాటక ప్రభుత్వం బెంగాల్, మహారాష్ట్ర చట్టాలను ముందు పెట్టుకుని, సొంత కౌన్సిల్‌కు నడుం కట్టాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా అదే బాట పట్టాలి. సరిహద్దు దాటి వైద్యానికి వచ్చేవాళ్లు రోజూ ఉన్నప్పుడు, మూడు రాష్ట్రాల కొలమానం ఒకటే ఉంటే మేలు. ఇప్పటికే ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లను ఒక్క కలం పోటుతో రోడ్డున పడేయకుండా, పరీక్ష రాసి నిలబడే అవకాశం ఇవ్వాలి. ఊపిరితిత్తి ఎక్కడుందో, షుగరు కాలును ఎలా చూడాలో ఆ పరీక్షలో ఉండాలి. డ్రై నీడ్లింగ్ చేసేవాళ్లకూ అదే భద్రతా పాఠం తప్పనిసరి చేయాలి. పేరు మార్చినంత మాత్రాన సూది మొన మొద్దుబారదు.

చట్టం వచ్చేదాకా చికిత్సకులు చేతులు ముడుచుకుని కూచోనక్కర్లేదు. తాము ఏం చదివారో, ఎన్ని గంటలు నేర్చారో గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టుకోవచ్చు. కేసు కాగితం రాయొచ్చు. అంగీకార పత్రాన్ని ఇంగ్లిషులో కాక, కన్నడంలో, తెలుగులో అచ్చు వేయించి, చదివి వినిపించొచ్చు. కొడుకు సంతకం పెట్టి ‘ఏం లేదులేమ్మా’ అంటే సరిపోదు. సూది దిగేది ఆమె ఒంట్లోకి.

రోగులూ నోరు విప్పాలి. ఏం చదివారు? ప్యాకెట్ నా ఎదురుగా విప్పుతారా? ఎన్నిసార్లు రావాలి? గుణం లేకపోతే ఎప్పుడు ఆపేస్తారు? ఆయాసం గానీ, నెత్తురు గానీ వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఈ ఐదు ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబిచ్చే చికిత్సకుడి దగ్గర సగం భయం తీరినట్టే. విసుక్కుంటే, వచ్చిన దారిన లేచి పోవడమే.

బొంత కుట్టే అవ్వనడిగినా చెబుతుంది. సూది ఎంత పదునైనదైనా దారం లేకపోతే గుడ్డకు చిల్లులే మిగులుతాయి, కుట్టు నిలవదు. ఆక్యుపంక్చర్ సూది ఈ దేశానికి వచ్చి అరవై ఏళ్లు దాటింది. ఇంకా దారం ఎక్కించలేదు.